హంతకుడు పోలీసులకు ఉత్తరాలు రాస్తాడా?

1979 జూన్‌లో ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్ పోలీసులకు పోస్టులో ఒక ఆడియో క్యాసెట్ వచ్చింది. అప్పటికి నాలుగేళ్లుగా ఆ చుట్టుపక్కల ఆడవాళ్లను సుత్తితో తల మీద కొట్టి చంపుతున్న మనిషి కోసం వాళ్లు గాలిస్తున్నారు. క్యాసెట్ పెడితే ఒక మగ గొంతు తాపీగా "నేను జాక్‌ని" అంటూ మొదలైంది. దర్యాప్తు నడుపుతున్న అధికారి జార్జ్ ఓల్డ్‌ఫీల్డ్‌ను పేరు పెట్టి పలకరించింది. మీరంటే చాలా గౌరవం గానీ, నాలుగేళ్ల కింద ఎక్కడున్నారో ఇప్పుడూ అక్కడే ఉన్నారని వెక్కిరించింది.

ఇలాంటి సీన్ మనం ఎన్ని సినిమాల్లో చూసి ఉంటామో లెక్కలేదు. ఇంటర్వెల్‌కి కాస్త ముందు హీరో ఫోన్ మోగుతుంది. అవతల హంతకుడు. అక్కడి నుంచి కేసు కాస్తా ఇద్దరు మగాళ్ల పంతం అయిపోతుంది. ఓల్డ్‌ఫీల్డ్ కూడా ఆ గొంతును నమ్మారు. దాన్ని రేడియోలో, టీవీలో వినిపించారు. జనం ఫోన్ చేసి వినడానికి ప్రత్యేకంగా ఒక నంబరు పెట్టారు. యాసను బట్టి ఆ మనిషిది సండర్లాండ్ పట్టణంలోని కాసిల్‌టౌన్ అని భాషా నిపుణులు తేల్చారు. ఆ యాస లేనివాళ్లను అనుమానితుల జాబితాలోంచి తీసేయడం మొదలైంది.

అసలు హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్‌ది బ్రాడ్‌ఫర్డ్. లారీ డ్రైవర్. అతని నోట సండర్లాండ్ యాస లేదు. క్యాసెట్ వచ్చాక అతను ఇంకో ముగ్గురు ఆడవాళ్లను చంపాడు. క్యాసెట్ పంపినవాడికి ఈ హత్యలతో ఏ సంబంధమూ లేదు. పాత కవరు మీద మిగిలిన లాలాజలంలోని డీఎన్ఏ ఆధారంగా అతను 2005లో దొరికాడు. మరుసటి ఏడాది ఎనిమిదేళ్ల జైలు పడింది.

సీరియల్ కిల్లర్‌ని పోలీసులు వెంటాడే థ్రిల్లర్లు మనల్ని ఎందుకంతగా కూర్చోబెడతాయన్న ప్రశ్నకు చాలామంది రక్తం, భయం, సైకాలజీ అని జవాబు చెబుతారు. అవన్నీ ఉన్నాయి. కానీ అసలు పట్టు ఈ క్యాసెట్‌లో ఉందని నాకనిపిస్తుంది. ఈ చావుల వెనక ఏదో చెప్పాలనుకునే మనిషి ఒకడున్నాడని, అతను వదిలిన గుర్తులను సరిగ్గా చదివితే అతని దాకా వెళ్లొచ్చని ఈ కథలు మనకు మాటిస్తాయి. దేనికీ అర్థం లేని చావు కంటే అర్థమున్న చావు, ఎంత ఘోరమైనదైనా, మనసుకు కొంచెం తేలిక. ఆ మాటకు ఎంత బలముందంటే, ఏళ్ల అనుభవమున్న పోలీసు అధికారి కూడా దానికి లొంగిపోయారు.

ఈ అలవాటు సినిమాల కంటే పాతది. 1888లో లండన్ వైట్‌చాపెల్ పేటలో ఆగస్టు చివరి నుంచి నవంబరు మొదటి వారాల దాకా ఐదుగురు ఆడవాళ్లు హత్యకు గురయ్యారు. చంపినవాడు ఎవరో ఎవరికీ తెలియదు కాబట్టి పత్రికలు మొదట్లో అతన్ని 'లెదర్ ఏప్రన్' అనేవి. సెప్టెంబరు 27న సెంట్రల్ న్యూస్ ఏజెన్సీకి ఎర్ర సిరాతో రాసిన ఒక ఉత్తరం వచ్చింది. పోలీసులను ఆటపట్టిస్తూ సాగిన ఆ ఉత్తరం కింద 'జాక్ ద రిప్పర్' అని సంతకం. ప్రపంచమంతా ఈనాటికీ వాడే పేరు ఆ ఉత్తరం ఇచ్చిందే. అది ఎవరో విలేకరి పని అని అప్పటి పోలీసు అధికారుల్లోనే కొందరు నమ్మారు. అయినా కథ నిలిచిపోయింది. హంతకుడంటే పోలీసులతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపేవాడన్న ఊహ అప్పుడే పాతుకుంది. సండర్లాండ్ మనిషి క్యాసెట్ కంటే ముందు పంపిన ఉత్తరాల కింద పెట్టిన సంతకం కూడా అదే. అంటే 90 ఏళ్ల కిందటి ఒక దొంగ ఉత్తరాన్ని చూసి ఇంకో దొంగ ఉత్తరం పుట్టింది. మధ్యలో నిజం హంతకుడు ఎక్కడా నోరు విప్పలేదు.

ఇక్కడ ఇంకో ప్రశ్న ఉంది. ఈ కథల్లో హీరో పోలీసే ఎందుకవ్వాలి? మన పాత డిటెక్టివ్ నవలల్లో అలా ఉండేది కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ ప్రైవేటు డిటెక్టివ్. ఒక బంగళా, ఒక శవం, అనుమానించడానికి అరడజను మంది బంధువులు ఉంటే ప్రైవేటు డిటెక్టివ్ చాలు. వరుస హత్యలకు చాలడు. ఎందుకంటే వరుస హత్య అనేది మొదట ఎవరి కంటికీ కనిపించదు. కనిపించేది ఒక ఊళ్లో ఒక శవం, ఇంకో ఊళ్లో ఒక మిస్సింగ్ కేసు, మూడో చోట గుండెపోటు అనుకుని దహనం చేసేసిన మనిషి. ఒక్కో స్టేషన్ పరిధిలో ఒక్కో కాగితం. అవన్నీ ఒకరి పనేనని తెలియాలంటే వాటిని పక్కపక్కన పెట్టి చూసే అధికారం, ఓపిక ఎవరికో ఉండాలి. ఆ అధికారం ఉన్నది పోలీసులకే.

ఇది ఎంత కష్టమో తెలియడానికి విదేశాలు వెళ్లక్కర్లేదు. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒకతన్ని అరెస్టు చేసి, ప్రసాదంలో సైనైడ్ కలిపి ఇచ్చి 20 నెలల్లో పదిమందిని చంపాడని ప్రకటించారు. గుప్తనిధులు, మహిమగల నాణేలు అంటూ మనుషులను నమ్మించి, డబ్బూ బంగారం తీసుకుని చంపడం అతని పద్ధతి అన్నారు. ఉభయ గోదావరులు, కృష్ణా జిల్లాల్లో జరిగిన ఆ చావుల్లో చాలావాటిని ఇంట్లోవాళ్లే మామూలు మరణాలనుకున్నారు. హత్య జరిగిందనే తెలియనప్పుడు హంతకుడి కోసం ఎవరు వెతుకుతారు? అదే ఏడాది ఏప్రిల్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో ఒక స్కూలు అమ్మాయి కనిపించకుండా పోయి, పాడుబడ్డ బావిలో శవమై దొరికింది. అది బయటపడ్డాకే, మార్చి నుంచి కనిపించని ఇంకో అమ్మాయి, 2015లో తప్పిపోయిన మరో చిన్నపిల్ల కూడా అలాగే బావుల పాలయ్యారని తేలింది. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు దోషికి మరణశిక్ష వేసింది. ఆడపిల్ల కనపడటం లేదని స్టేషన్‌కి వెళ్తే 'ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందిలే' అనే మాట మన దగ్గర ఎంత తేలిగ్గా వస్తుందో అందరికీ తెలుసు. ఆ మాట అన్నంతకాలం మూడు కాగితాలు మూడు కాగితాలుగానే ఉండిపోతాయి.

థ్రిల్లర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అందుకే ఛేజింగూ కాదు, క్లైమాక్సూ కాదు. అర్ధరాత్రి స్టేషన్‌లో ఒక ఎస్సై పాత ఫైళ్లు ముందేసుకుని, 'ఇదీ అదీ ఒకటే' అని గుర్తించే క్షణం. మన నిజ జీవితంలో ప్రభుత్వ ఆఫీసులో మన కాగితాన్ని ఎవరైనా రెండుసార్లు చదవడమే గొప్ప. తెర మీద ఒక ఉద్యోగి, ఎవరూ అడగకపోయినా, ముక్కూ మొహం తెలియని ఒక పిల్ల ఫైలును పదోసారి చదువుతున్నాడు. రక్తం చూడలేని వాళ్లు కూడా ఈ సినిమాలకు అతుక్కుపోవడానికి ఇదొక కారణం. (ఫొటోలు అంటించి ఎర్రదారాలు కట్టిన ఆ పెద్ద బోర్డు మాత్రం నమ్మను. మన స్టేషన్లలో గోడకి అంత ఖాళీ ఎక్కడిది?)

రెండో పట్టు కాలంలో ఉంది. మామూలు హత్య కథలో చావు మొదట్లోనే అయిపోతుంది; ఎవరు చంపారో అరగంట ఆలస్యంగా తెలిసినా నష్టం లేదు. వరుస హత్యల కథలో తర్వాతి హత్య ఇంకా జరగలేదు. పోలీసు చేసే ప్రతి పొరపాటుకూ, సీఐకి ఎస్పీకి మధ్య జరిగే ప్రతి అహం గొడవకూ ఒక ప్రాణం ఖరీదు. అందుకే ఈ సినిమాల్లో ఫైలు పైకి కదలకపోవడం కూడా టెన్షన్ పుట్టిస్తుంది. ఈ పద్ధతికి దారి వేసిన సినిమాల్లో ఒకటి 1931లో ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన 'ఎం'. పిల్లలను చంపేవాడి కథ అది. అందులో హత్యను తెర మీద చూపించరు. తల్లి అన్నానికి కూతుర్ని పిలుస్తూ ఉంటుంది. పిల్ల ఆడుకునే బంతి గడ్డిలోకి దొర్లుకుంటూ వస్తుంది. బెలూన్ తీగలకు చిక్కుకుంటుంది. అంతే. మిగతాది చూసేవాళ్లు పూరించుకుంటారు. ఇవాళ శవాల మేకప్‌కి పెడుతున్న ఖర్చు చూస్తే, ఆ బంతి ముందు అదంతా దండగ అనిపిస్తుంది.

ఆడవాళ్లు ఇలాంటి కథలు ఎలా చూస్తారని ఆశ్చర్యపోయేవాళ్లు చాలామంది. హత్యకు గురయ్యేది ఎక్కువగా ఆడవాళ్లే కదా, మరి వాళ్లకెందుకు ఈ సరదా అని. 2010లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. నిజ నేర కథలు, యుద్ధ కథల్లాంటివి ముందు పెట్టి ఏది చదువుతారని అడిగితే మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా నేర కథల వైపు మొగ్గారు. అందులోనూ బాధితురాలు ఏ ఉపాయంతో తప్పించుకుందో చెప్పే కథ వాళ్లను ఎక్కువ లాగింది. అది సరదా అనిపించడం లేదు, జాగ్రత్త నేర్చుకోవడంలా ఉంది. రాత్రి ఆటో నంబరు ఫొటో తీసి ఇంటికి పంపే అమ్మాయికి ఈ కథలు మగవాడికి కనపడేలా కనపడవు.

సరే, ఈ కథలు ఇచ్చే మాట ఎంతవరకు నిజం? మళ్లీ యార్క్‌షైర్‌కి వెళ్లాలి. ఎందుకంటే ఆ కేసులో హంతకుణ్ని పట్టించగల దారి ఒకటి నిజంగానే దొరికింది. అది క్యాసెట్ లాగా నాటకీయంగా లేదు.

1977 అక్టోబరులో మాంచెస్టర్‌లో హత్యకు గురైన ఒకామె హ్యాండ్‌బ్యాగులో కొత్త ఐదు పౌండ్ల నోటు దొరికింది. కొత్తది కాబట్టి దాని నంబరును బట్టి ఏ బ్యాంకు ఏ రోజుల్లో ఇచ్చిందో, ఏయే కంపెనీల జీతాల కవర్లలోకి వెళ్లి ఉంటుందో లెక్క తీయగలిగారు. ఆ కంపెనీల్లో పనిచేసే వేలమందిని ప్రశ్నించారు. వాళ్లలో సట్‌క్లిఫ్ ఒకడు. అతను చెప్పింది విని, రాసుకుని, వెళ్లిపోయారు. తర్వాత ఎర్రలైటు పేటల్లో తరచూ కనిపించిన కార్ల నంబర్లు రాసుకుంటే ఆ జాబితాలోనూ అతని కారు వచ్చింది. మళ్లీ ప్రశ్నించారు. 1979 జూలైలో ఇంటికి వెళ్లిన ఒక కానిస్టేబుల్‌కు గట్టి అనుమానమే వచ్చి, రిపోర్టు రాసి పైకి పంపారు. యాస సరిపోలేదు, చేతిరాత సరిపోలేదు. రిపోర్టు ఫైళ్లలో కలిసిపోయింది.

మొత్తం మీద పోలీసులు అతన్ని తొమ్మిదిసార్లు ప్రశ్నించారు. ఒకసారి వెళ్లినవాళ్లకు ఇంతకుముందు ఎవరు వెళ్లారో, ఏం తేలిందో పూర్తిగా తెలిసేది కాదు. సమాచారమంతా లక్షల కార్డుల మీద చేత్తో రాసి పెట్టేవారు. వాటిని వరుసలో సర్దడమే పూర్తికాలేదు. హంతకుడు ఆ కాగితాల్లో ఉన్నాడు, ఒకటికి నాలుగు చోట్ల ఉన్నాడు. ఆ నాలుగు కార్డులూ ఒక మనిషి చేతిలోకి ఒకేసారి రాలేదు. సినిమాలో ఎస్సై ఒక్క రాత్రిలో చేసే పని అక్కడ అయిదేళ్లలో జరగలేదు. ఆ వైఫల్యం చూశాకే బ్రిటన్ పోలీసులు పెద్ద కేసుల కోసం ఒక కంప్యూటర్ వ్యవస్థను తయారుచేసుకుని 1985లో వాడటం మొదలుపెట్టారు. దానికి పెట్టిన పొట్టి పేరు 'హోమ్స్'. షెర్లాక్ హోమ్స్ గుర్తొచ్చేలా కావాలనే అలా కూర్చారు. కార్డులు సర్దే యంత్రానికి కూడా డిటెక్టివ్ పేరే కావాల్సొచ్చింది!

సట్‌క్లిఫ్ చివరికి ఎలా దొరికాడంటే, 1981 జనవరి 2 రాత్రి షెఫీల్డ్‌లో గస్తీ తిరుగుతున్న ఇద్దరు పోలీసులు ఆగి ఉన్న ఒక కారును తనిఖీ చేశారు. నంబర్ ప్లేట్లు దొంగవి. ఆ నేరం కింద పట్టుకెళ్లారు. మూత్రానికి వెళ్తానని అతను కాసేపు పక్కకు వెళ్లిన సంగతి వాళ్లలో ఒకరికి మర్నాడు గుర్తొచ్చి, అదే చోటికి తిరిగి వెళ్లి చూస్తే ఆకుల్లో సుత్తి, కత్తి దొరికాయి. 13 హత్యల కేసు అలా తేలింది. ఎత్తుకు పైఎత్తులు లేవు. మేధావుల పోరు లేదు. ఈ ముగింపుతో స్క్రిప్టు రాసి నిర్మాత దగ్గరికి తీసుకెళ్తే, క్లైమాక్స్ లేదని తిప్పి పంపేస్తారు.

కథలు పెట్టే పెద్ద అబద్ధం ఇక్కడే ఉంది. హంతకుడు తెలివైనవాడన్నది. చాలా ఏళ్లు దొరకని హంతకుడి చరిత్ర తిరగేస్తే కనిపించేది అతని తెలివి కంటే వెతికేవాళ్ల తీరు. ఎవరి చావును పట్టించుకున్నారు, ఎవరి చావును పట్టించుకోలేదు అన్నది. యార్క్‌షైర్‌లో మొదటి బాధితులు సెక్స్‌వర్కర్లని పోలీసులు ముద్ర వేశారు. ఆ ముద్రలో పడని అమ్మాయి చనిపోయాక, ఇప్పుడు 'అమాయకురాలు' పోయిందన్నట్టు మాట్లాడారు. అలాంటి భాషకు వెస్ట్ యార్క్‌షైర్ పోలీసులు 2020లో, సట్‌క్లిఫ్ జైలుశిక్షలోనే చనిపోయాక, బాధితుల కుటుంబాలకు క్షమాపణ చెప్పారు. మన సినిమాల్లో ఇది ఇంకో రూపంలో ఉంటుంది. హంతకుడికి పావుగంట ఫ్లాష్‌బ్యాక్, బాల్యం, అవమానం అన్నీ ఇస్తాం. చనిపోయిన నాలుగో అమ్మాయి పేరు హాల్లోంచి బయటికొచ్చాక ఎవరికీ గుర్తుండదు. ఆ ఫ్లాష్‌బ్యాక్‌లో కూడా ఎక్కువగా ఎవరో ఒకరి రూపాన్నో లోపాన్నో హత్యకు కారణంగా చూపిస్తారు. దాన్ని చూసి చప్పట్లు కొట్టడం నావల్ల కాదు.

తమిళంలో 2018లో వచ్చి, మరుసటి ఏడాది 'రాక్షసుడు'గా తెలుగులోకి వచ్చిన కథలో ఒక చిత్రమైన ఏర్పాటు ఉంది. హీరో సినిమా డైరెక్టర్ కావాలనుకుంటాడు. సైకో కిల్లర్ల మీద కథ రాయడానికి పేపర్ కటింగులు పోగేస్తాడు. అవకాశాలు రాక ఎస్సై ఉద్యోగంలో చేరతాడు. ఊళ్లో స్కూలు పిల్లలు మాయమవుతుంటే, పైఅధికారులు నమ్మకపోయినా, కథ కోసం చదివిందే అతనికి దారి చూపిస్తుంది. థ్రిల్లర్లు బాగా తెలిసినవాడే హంతకుణ్ని పట్టగలడు అని థ్రిల్లరే మనతో చెబుతోందన్నమాట. చూస్తున్నంతసేపూ ఇది భలే నచ్చుతుంది. ఎందుకంటే ఆ హీరో మనమే. ఇన్ని సినిమాలు చూసిన తెలివి ఎక్కడో పనికొస్తోంది. ఓల్డ్‌ఫీల్డ్ విషయంలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ఆయనకు తెలిసిన కథే ఆయన కళ్లు కప్పింది.

ఈ అబద్ధం తెలిసీ ఈ కథలు తీయొచ్చా? తీయొచ్చు. 2003లో దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో తీసిన 'మెమరీస్ ఆఫ్ మర్డర్' అందుకు సాక్ష్యం. 1986 నుంచి 1991 దాకా హ్వాసాంగ్ పల్లెల్లో పదిమంది ఆడవాళ్లు హత్యకు గురైన కేసు దానికి ఆధారం. సినిమా తీసేనాటికి హంతకుడు దొరకలేదు. ఊరి పోలీసు కళ్లలోకి చూస్తే దొంగెవరో చెప్పేస్తానంటాడు. అనుమానితులను కొట్టి ఒప్పిస్తారు. మొదట్లో దానికి నవ్వొస్తుంది, తర్వాత ఆ నవ్వినందుకే ఇబ్బందిగా ఉంటుంది. నగరం నుంచి వచ్చిన పోలీసు కాగితాలు అబద్ధం చెప్పవంటాడు. ఆఖరికి ఆ కాగితమే అతనికి సాయం చేయదు. ఇద్దరూ ఓడిపోతారు. ఈ జానర్ మనకిచ్చే మాటను నిలబెట్టుకోకుండా కూడా మనల్ని చివరిదాకా కూర్చోబెట్టిన సినిమా అది. నా లెక్కలో వరుస హత్యల సినిమాల్లో దానికి సాటి లేదు.

చివరి షాట్‌లో ఆ ఊరి పోలీసు నేరుగా కెమెరాలోకి, అంటే మన కళ్లలోకి, చూస్తాడు. హంతకుడు ఎక్కడో థియేటర్లో కూర్చుని ఈ సినిమా చూస్తాడన్న ఊహతో ఆ షాట్ పెట్టానని బాంగ్ చెప్పారు. ఆయన ఊహ సగం నిజమైంది. 2019లో పాత ఆధారాల మీది డీఎన్ఏ ఒక ఖైదీతో సరిపోయింది. మరదల్ని చంపిన నేరానికి 1990ల నుంచి జైల్లో ఉన్న ఈ చూన్ జే అనే మనిషి అతను. హత్యలన్నీ తనవేనని ఒప్పుకున్నాడు. వాటిలో ఎనిమిదో హత్యకు అప్పటికే ఇంకో మనిషి దోషిగా దాదాపు 20 ఏళ్లు జైల్లో గడిపి బయటికొచ్చాడు. పోలియోతో కాలు అవిటిదైన అతను, పోలీసులు నిద్రపోనివ్వకుండా కొట్టి ఒప్పించారని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. 2020 డిసెంబరులో కోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది.

ఆ పునర్విచారణలో అంతకు ముందు నెల సాక్షిగా వచ్చిన ఈ చూన్ జేను సినిమా చూశావా అని అడిగారు. జైల్లో చూశానన్నాడు. మామూలు సినిమా లాగే చూశాను, ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదన్నాడు.